కూడలిలో నల్ల కొమ్ము

గుర్రం ఇంకా గేటు బయటే ఉంది.

పొద్దున ఎనిమిదింటికి తప్పు చేసినవాళ్ళు క్షమాపణగా తెచ్చి కట్టారు. ఇప్పుడు పదకొండు కావస్తోంది. ఎవరైనా దాన్ని విప్పి పెరట్లోకి తోలుకొచ్చారేమోనని ఇంటి పెద్దావిడ అసిల్‌కాన్ ఇప్పటికి నాలుగుసార్లు కిటికీ తెర తొలగించి చూసింది. తోలుకొస్తే క్షమించినట్టు. సాయంత్రానికి అలాగే వెనక్కి పంపితే, ఈ గుమ్మం మళ్ళీ తొక్కొద్దని చెప్పినట్టు. రెండింటికీ మధ్య ఇంకో దారి ఆ ఊరి పెద్దలెవరూ ఇంతవరకు కనిపెట్టలేదు.

పెద్దగదిలో గోడవారన పరిచిన పరుపుల మీద ఏడుగురు మగవాళ్ళు కూర్చున్నారు. నలుగురు గుర్రం తెచ్చినవాళ్ళ తరఫు, ముగ్గురు ఈ ఇంటి తరఫు. తలుపు పక్కన, చెప్పులు విడిచేచోట, ఎర్మెక్ మోకాళ్ళ మీద ఉన్నాడు. ఇరవైరెండేళ్ళవాడు. పక్కనే వాళ్ళమ్మ తూర్సునాయ్. ముప్పైతొమ్మిది రోజుల కిందట ఈ ఇంటి పిల్ల బెగిమాయ్‌ని గుద్దిన కారు నడిపింది ఆ ఎర్మెకే. రేపు బెగిమాయ్ నలభయ్యో రోజు, పోయినవాళ్ళ పేర అతిథులకి పెట్టే రోజు. బతికుంటే ఆ పిల్లకి వచ్చే నెల ఇరవై నిండేవి.

బెగిమాయ్ తల్లి సాల్కిన్ మాత్రం ఆ గదిలోకి తొంగి చూడలేదు. వంటింట్లో పొయ్యి ముందు నిలబడి బోర్‌సోక్‌లనే చిన్న రొట్టెలు వేయిస్తోంది. పిండిముక్క నూనెలో పడి పొంగుతుంటే లేచే వాసన పోయినవాళ్ళకి అందుతుందని వాళ్ళ నమ్మకం. ఇన్ని రోజుల్లో ఆమె తిండి మానేసింది, తల దువ్వుకోవడం మానేసింది, ఈ వేయించడం మాత్రం మానలేదు.

అసిల్‌కాన్ వంటింటి గడపలో నిలబడి, "టీ పంపవా అమ్మాయ్?" అంది.

"మీరు పంపండి అత్తమ్మా. నా చేత్తో వాళ్ళకి టీ పొయ్యలేను."

"వాళ్ళు మన గుమ్మంలో మోకాళ్ళ మీదున్నారు."

"నా పిల్ల మట్టిలో ఉంది."

ముసలామె టీకి పియాలాలు, అంటే పిడిలేని చిన్న గిన్నెలు, ముందుకు లాక్కుంది. ఆవిడ చెడ్డది కాదు. కాకపోతే గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం ఆవిడ వంశంలో లేదు. ఆ పిల్లాడి తల్లి విధవ అని, వీడొక్కడే ఆధారమని, కేసు నడిస్తే ఏళ్ళ తరబడి లోపలే ఉంటాడని, పగ పెట్టుకున్న ఇంట్లో పోయినవాళ్ళకి ఫాతిహా ప్రార్థన చదివినా పైకి చేరదని, ఒక్కొక్కటే గొణుగుతూ పియాలాలు తుడిచింది. సాల్కిన్ జల్లెడగరిటెతో బోర్‌సోక్‌లు దేవుతూ అన్నీ వింది. చివరికి అత్తగారే కెటిల్ తీసుకుని వెళ్ళిపోయింది.

కాసేపటికి జొల్దోష్ వచ్చాడు.

సాల్కిన్ మొగుడు జొల్దోష్ ఊరి రూట్లలో ప్రయాణికుల వ్యాను నడుపుతాడు. ఈ నలభై రోజుల్లో పదేళ్ళు మీద పడినట్టు అయిపోయాడు. లోపల పెద్దల మధ్య ఎంతసేపు కూర్చున్నాడో అంతసేపూ నోరు విప్పలేదని అత్తగారు చెప్పింది. ఇంత వేడిలోనూ ఆ పాత కోటు విప్పడు. పడుకునేటప్పుడు కూడా దాన్ని దిండుకింద పెట్టుకుంటున్నాడు.

"సాల్కిన్, రాజీకాగితం మీద సంతకం పెట్టెయ్" అన్నాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. "నీకెందుకంత తొందర?"

"వాణ్ణి లోపలేస్తే మన పిల్లొస్తుందా?"

"రాదు. అది నాకూ తెలుసు. వాళ్ళ లాయరు ఏం రాశాడో నువ్వు చదివావా? బండికి పచ్చదీపం ఉందట, మన పిల్లే చూసుకోకుండా రోడ్డు మీదకి దిగిందట. ఆ మాట కాగితం మీదుండగా రాజీ అని నేను సంతకం పెడితే, ఔను, తప్పు నా బిడ్డదే అని నేను ఒప్పుకున్నట్టు కాదూ?"

"పోయినదాని మీద ఏం రాసుకుంటే ఏమైంది?"

"అదే పోయింది కాబట్టి! బతికుంటే అదే పోట్లాడుకునేది. ఇప్పుడు దాని తరఫున మాట్లాడ్డానికి నేను తప్ప ఎవరున్నారు? ఎరుపు పడ్డాక వచ్చాడా, ముందొచ్చాడా, నాకా ఒక్కటి తేలాలి. తేలితే నేనే వెళ్ళి ఆ గుర్రాన్ని విప్పుకొస్తాను."

"ఎలా తేలుతుంది? అక్కడ చూసినవాళ్ళు సగం మంది ఎరుపంటారు, సగం మంది పచ్చంటారు."

"కూడలిలో కెమెరా ఉంది కదా."

జొల్దోష్ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆ కెమెరా పనిచెయ్యట్లేదని చెప్పారుగా" అన్నాడు. ఆ మాట గోడకి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ కెమెరా పేరెత్తితే చాలు, ఒకప్పుడు ఈ ఇంట్లో అన్నం దగ్గర యుద్ధం జరిగేది. జొల్దోష్ ఒక పక్క, అతని అన్న సపార్ ఒక పక్క. సపార్ ముప్పయ్యేళ్ళు అంబులెన్సు నడిపి రిటైరైనవాడు. ఆ కూడలిలో నేను చేతుల్తో ఏరుకున్న మనుషుల్ని నువ్వు చూళ్ళేదురా, కెమెరా పెట్టాక అక్కడినుంచి నాకొచ్చే పిలుపులు సగానికి సగం తగ్గాయి అనేవాడు ఆయన. అది మనుషుల్ని కాపాడ్డానికి పెట్టింది కాదన్నయ్యా, మన జేబులు కొట్టడానికి పెట్టింది అనేవాడు తమ్ముడు. ప్రతి జరిమానాలో కంపెనీకో వాటా, ఊరికో వాటా. రాబడి తగ్గినప్పుడల్లా పసుపుదీపం చిక్కిపోతోంది, నిండా జనంతో వెళ్ళే వ్యాను అంతలో ఎలా ఆగుతుంది, ఆపితే వెనకవాడు వచ్చి గుద్దడా అని అరిచేవాడు. వ్యాను సాల్కిన్ పేరున ఉంది కాబట్టి జరిమానాలన్నీ ఆమె ఫోనుకే వచ్చేవి. టింగుమని మోగేది, తెరిస్తే ఎర్రదీపం కింద తమ వ్యాను వెనకభాగం ఫోటో. ఆ చప్పుడంటే ఆ రోజుల్లో ఆమెకి గుండె దడ.

ఇద్దరి మధ్యా కూర్చుని తగువు తీర్చేది బెగిమాయ్. ఒకరోజు ఫోను పట్టుకుని ఆ కూడలిలో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా నిలబడింది. పసుపు ఎన్ని సెకన్లుంటోందో నోటుబుక్కులో రాసుకొచ్చింది. నాలుగుండాల్సింది రెండున్నరే ఉందని తేల్చింది. ఊరి ఆఫీసుకి అర్జీ కూడా తనే రాసింది, డ్రైవర్లందరి చేత సంతకాలు పెట్టించింది. అందులో చివరి వాక్యం చదివి జొల్దోష్ మండిపడ్డాడు. పసుపు పెంచండి, కెమెరా మాత్రం ఉంచండి అని ఉంది.

"ఇదేం అర్జీ? నువ్వు మా వైపా, వాళ్ళ వైపా?" అన్నాడు.

"నేను రోడ్డు దాటేవాళ్ళ వైపు నాన్నా" అంది బెగిమాయ్ నవ్వుతూ.

అర్జీ అందింది, పరిశీలనలో ఉంది అని జవాబు వచ్చింది. అంతే. అది ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఆ నవ్వు గుర్తుకొచ్చి సాల్కిన్ పొయ్యి తగ్గించింది. సరిగ్గా అప్పుడే ఆమె జేబులో ఫోను టింగుమంది.

పంపింది లెఫ్టినెంట్ చోల్పోన్. ట్రాఫిక్ ఫోటోలు చూసే ఆఫీసులో పనిచేసే పిల్ల. సాల్కిన్ ఆ ఆఫీసు మెట్లు మూడుసార్లు ఎక్కింది. మూడోసారి, అంటే నిన్న, ఆ పిల్ల తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. కెమెరా చెడిపోలేదు. ప్రమాదానికి తొమ్మిది రోజుల ముందు ఎవరో దాని కంటికి ఏదో అడ్డం కట్టారు. కంపెనీవాళ్ళు రేపు మాపు అంటూ రానేలేదు. ఆ రోజుది ఫోటో లేదక్కా, అంతకుముందు పడిన ఆఖరిది ఒకటుంది, పనికొస్తుందో లేదో గానీ పంపుతాను, ఎవరికీ చూపించకు అంది.

సాల్కిన్ చేతికంటిన పిండి గౌనుకి తుడుచుకుని ఫోటో తెరిచింది.

తెల్లారి ఐదున్నర అని మూల అంకెలున్నాయి. కింద ఖాళీ రోడ్డు. ఒక వ్యాను పైకప్పు అంచు. ఒక మగచేతి రెండు వేళ్ళు. ఫోటోలో ముప్పాతిక భాగాన్ని కప్పేస్తూ ఒక దళసరి నల్ల ఉన్నిముక్క. ఉత్త ముక్క కాదది. పొట్టేలు కొమ్ములా సుడి తిరిగిన ఆకారం. అంచున తెల్లదారంతో మూడు కుట్లు.

ఆమె చాలాసేపు అలాగే నిలబడింది. బాణలిలో బోర్‌సోక్‌లు మాడి పొగ లేచింది. స్టవ్ ఆపి, నడవ దాటి, సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సాల్కిన్ బతుకుతెరువు ఉన్నితివాచీలు. రెండు రంగుల ఉన్నిపలకలు ఒకదాని మీద ఒకటి వేసి, ఒకే కత్తిపోటుకి రెండూ తెగేలా బొమ్మ కోస్తుంది. ఎర్రపలకలోంచి తీసిన కొమ్ముని నల్లదాంట్లో, నల్లదాంట్లోంచి తీసింది ఎర్రదాంట్లో పొదిగి కుడుతుంది. అలా ఒకే కోతలో రెండు తివాచీలు కవలల్లా పుడతాయి. ఏ ముక్క ఎక్కడిదో పోల్చుకోవడానికి అంచున తెల్ల కుట్లు వేసుకుంటుంది. మొదటి కొమ్ముకి ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. ఒక్క ముక్క పోయినా ఆ కన్నంలో పెట్టడానికి లోకంలో ఇంకో ముక్క సరిపడదు.

గోడవార చుట్టిపెట్టిన ఎర్రతివాచీని నేలమీద పరిచింది. మధ్యలో మూడో కొమ్ము ఉండాల్సినచోట కన్నం. దాంట్లోంచి కింది చెక్క కనపడుతోంది. ఫోను తెచ్చి ఆ కన్నం పక్కన పెట్టింది. సుడికి సుడి సరిపోయింది.

ఆ ముక్క కనపడకుండా పోయినరోజు ఇల్లంతా తిరగేసింది సాల్కిన్. బెగిమాయ్‌నే నిలదీసింది. ఫోనుకి సంచీ కుట్టుకోవడానికి తీశావా, ఎవరికైనా ఇచ్చావా, నెల రోజుల కష్టం నీకు ఆటగా ఉందా అని నోటికొచ్చినట్టు తిట్టింది. నేను తీయలేదమ్మా అంది పిల్ల. నమ్మకపోతే నా సంచీ వెతుక్కో అంది. సాల్కిన్ నిజంగానే వెతికింది. కన్నకూతురి సంచీని పరుపు మీద బోర్లించి వెతికింది. అందులోంచి ఆ పసుపుదీపం లెక్కల నోటుబుక్కు జారిపడింది. అప్పుడు జొల్దోష్ ఆ గదిలోనే ఉన్నాడు. టీ తాగుతున్నాడు. తలెత్తకుండా టీ తాగుతూనే ఉన్నాడు.

చనిపోయినరోజు పొద్దున బెగిమాయ్ గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ అడిగింది.

"ముక్క దొరికిందా అమ్మా?"

"దాచినవాళ్ళకే తెలియాలి."

బూట్లు బిగించుకుని వెళ్ళిపోయింది పిల్ల. తల్లీకూతుళ్ళు అనుకున్న ఆఖరి మాటలు అవే.

సాల్కిన్ తివాచీ మీద పడి నోట్లో తలగుడ్డ అంచు కుక్కుకుని ఏడ్చింది. ఈ నలభై రోజుల్లో ఏడ్చిన ఏడుపు వేరు, ఈ ఏడుపు వేరు. అప్పుడు దేవుడి మీద ఏడ్చింది. ఇప్పుడు తనమీద తనే ఏడ్చింది.

తర్వాత లేచి మొహం కడుక్కుంది. మాడకముందు దేవిన బోర్‌సోక్‌లు ఒక పళ్ళెంలో పోసుకుని పెద్దగదిలోకి వెళ్ళింది.

ఆమె రావడంతోనే గదిలో మాటలు ఆగిపోయాయి. రాజీకాగితం, పెన్ను బల్లమీద ఉన్నాయి. సాల్కిన్ మగవాళ్ళెవరి వంకా చూడలేదు. తిన్నగా తలుపు దగ్గరికి వెళ్ళి ఎర్మెక్ ఎదురుగా కూర్చుని పళ్ళెం వాడి ముందు పెట్టింది.

"ఇవి నా పిల్ల పేర వేయించినవి. ఒకటి తీసుకో."

వాడు ఒకటి తీసుకున్నాడు. వాళ్ళలో రొట్టె చేత పట్టుకుని అబద్ధమాడినవాడు లేడు. ఆడితే ఆ రొట్టే వాడి కళ్ళు పోగొడుతుందని ఉగ్గుపాలతో నేర్పుతారు.

"ఇప్పుడు చెప్పు నాన్నా. పచ్చా, ఎరుపా?"

వాళ్ళ తరఫు లాయరు గొంతు సవరించుకున్నాడు. సపార్ చెయ్యెత్తి అతన్ని ఆపాడు. తూర్సునాయ్ కొడుకు వంక చూసి, "చెప్పరా" అంది మెల్లగా. ఆ తల్లికి నిజం అప్పటికే తెలిసినట్టుంది.

"ఎరుపే పిన్నీ" అన్నాడు ఎర్మెక్.

గదిలో ఎవరో దీర్ఘంగా ఊపిరి వదిలారు.

"ఎరుపు పడి చాలాసేపైంది. తను చూసుకునే దిగింది. తనకి నడిచే దీపం వెలిగింది. తప్పంతా నాది. నేను రోజూ ఆ కూడలిలో ఆగేవాణ్ణి పిన్నీ, ఒట్టు. కెమెరా అంటే భయంతోనే ఆగేవాణ్ణి. ఆ వారం దాని కంటికి ఎవరో నల్లముక్క కట్టారు. దూరంనుంచే కనపడేది. ఆ రూట్లో తిరిగే అందరికీ తెలుసు. కన్ను లేదులే అని ఎవరూ ఆగట్లేదు. నేనూ ఆగలేదు." వాడి చేతిలో బోర్‌సోక్ నలిగిపోయింది. "ముక్క కట్టినవాళ్ళ మీదికి తోసెయ్యట్లేదు పిన్నీ. కాలు నొక్కింది నేనే."

నా పిల్ల చూసుకునే దిగింది. సాల్కిన్ ఆ మాటని లోపల ఒకటికి రెండుసార్లు అనుకుంది. నలభై రోజులుగా వెతుక్కున్నది ఆ మాటకోసమే. దొరికింది. కానీ సంతోషం లేదు.

అంతసేపూ పెద్దరికంగా కూర్చున్న సపార్ ఒక్కసారి పేలిపోయాడు. వయసు మరిచి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఆ ముక్క కట్టినవాడు ఎవడు? నాలుగు జరిమానాలు తప్పించుకోవడానికి కూడలి కళ్ళు పొడిచినవాడు ఎవడు? వాడింట్లో ఆడపిల్ల లేదా? రోడ్డు దాటే బిడ్డే లేదా వాడికి?"

సాల్కిన్ తల తిప్పి మొగుడి వంక చూసింది. జొల్దోష్ పియాలా రెండు చేతుల్తో పట్టుకుని అందులోకి చూస్తున్నాడు. ఆనాడు కూడా ఇలాగే చూశాడు.

ఆమె లేచింది. సామాన్ల గదిలోకి వెళ్ళి, ఆ ఎర్రతివాచీని చుట్ట చుట్టి భుజాన వేసుకుని తిరిగొచ్చింది. పెద్దల ముందు, గది నడుమ, దాన్ని దులిపి పరిచింది. రేపటి నలభైకి అతిథుల కింద పరచాల్సిన తివాచీ అది. సరిగ్గా నడుమన కన్నం.

"ఇదేంటమ్మాయ్, అసంపూర్తిది తెచ్చి పరిచావు?" అంది అసిల్‌కాన్ కంగారుగా. "ఆ ముక్క దొరకలేదా?"

"దొరుకుతుందేమో అత్తమ్మా. మీ అబ్బాయిని ఇక్కడికొచ్చి కూర్చోమనండి."

జొల్దోష్ లేచాడు. నాలుగడుగులు వేసి తివాచీ అంచున ఆగాడు. బెగిమాయ్ పోయినరోజు కూడలికి వచ్చి, కూతురి దగ్గరికి వెళ్ళకుండా ముందు తన వ్యాను పైకప్పు ఎక్కి స్తంభం పట్టుకుని వేలాడాడట. జనం పట్టి కిందికి లాగారట. బిడ్డ పోయిన పిచ్చి అని ఊరంతా చెప్పుకుని ఏడ్చింది. సాల్కిన్ కూడా ఏడ్చింది. ఎందుకెక్కాడో ఎవరూ అడగలేదు.

"జొల్దోష్" అన్నాడు సపార్. పేరు పలుకుతుండగానే ఏదో అర్థమై ఆయన పియాలా కింద పెట్టేశాడు.

జొల్దోష్ చెయ్యి మెల్లగా కోటు లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చినప్పుడు అందులో నల్ల ఉన్నిముక్క ఉంది. ధూళి పట్టి, తీగ గుచ్చిన కన్నాలతో. మోకాళ్ళ మీదికి దిగి, ముక్కని కన్నం అంచుదాకా తెచ్చి ఆపేశాడు. ఇప్పుడు ఆ గదిలో ఇద్దరు మగవాళ్ళు మోకాళ్ళ మీద ఉన్నారు. ఒకడు తలుపు దగ్గర, ఒకడు నడుమ.

సాల్కిన్ అతని చేతిలోంచి ముక్క తీసుకుంది. అంచున మూడు తెల్లకుట్లు వేలితో తడిమింది.

"నా బిడ్డ తీయలేదు అత్తమ్మా" అంది. "చూశారా? నా బిడ్డ తీయలేదు."

అసిల్‌కాన్ గోడకి జారగిలబడింది. అందరికంటే ముందు తేరుకున్నది తూర్సునాయ్. ఆమె మోకాళ్ళ మీదే పాకుతూ వచ్చి సాల్కిన్ పాదాల దగ్గర ఆగింది గానీ, ముట్టుకునే ధైర్యం చాల్లేదు. సపార్ బల్లమీది రాజీకాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

సాల్కిన్ ఆ కాగితం మీద చెయ్యి వేసి ఆపింది.

"ఉండనివ్వండి బావగారూ" అంది. "అందులో ఒకడి పేరే ఉంది. రెండో పేరు కూడా రాయండి. తర్వాత చెప్తాను, సంతకం పెడతానో లేదో."